జూమ్ లెన్సా, ప్రైమ్ లెన్సా? ముందు మీరు డిలీట్ చేసే ఫోటోలు చూడండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. క్రాప్ సెన్సర్ కెమెరా (అంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరా కంటే చిన్న సెన్సర్ ఉన్నది), దానితో పాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్ మీ దగ్గర ఉన్నాయి. ఈ ఎంఎం అంకె ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి. ఇంట్లో పిల్లల్ని, సాయంత్రం నడకలో వీధుల్ని, అప్పుడప్పుడు ప్రయాణాల్ని తీస్తుంటారు. ఇప్పుడు ఒక్క లెన్స్ కొనే వీలుంది. ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ కాని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్) తీసుకోవాలా, లేక కిట్ లెన్స్‌ను పక్కన పెట్టేసి ఎఫ్/2.8 జూమ్‌కు వెళ్లాలా అని అడుగుతున్నారు. ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి పంపిస్తుంది. ఒకరు ప్రైమే కొనమంటున్నారు, ఇంకొకరు జూమ్ లేకపోతే కష్టమంటున్నారు.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా "ప్రైమ్ షార్ప్‌గా ఉంటుంది, జూమ్ సౌకర్యంగా ఉంటుంది" అన్న మాట దగ్గరికే వస్తుంది. అందులో తప్పేమీ లేదు కానీ, దాన్ని పట్టుకుని లెన్స్ కొనలేం. ఏ లెన్స్ మంచిదని కాకుండా, ఇప్పుడున్న లెన్స్‌తో మీకు ఏ ఫోటోలు చెడిపోతున్నాయో చూడాలి. చెడిపోవడానికి కారణం వెలుతురు చాలకపోవడమా, కావాల్సింది ఫ్రేమ్‌లో సరిగా పట్టకపోవడమా? మొదటిదైతే ప్రైమ్, రెండోదైతే జూమ్. నా సమాధానం ఇంతే. మీ ఫోటోల నుంచే దాన్ని ఎలా తేల్చుకోవాలో కొంచెం వివరంగా చెబుతాను.

బాగా వచ్చిన ఫోటోలు పక్కన పెట్టండి. ఈ నెలలో తీసి, నచ్చక వదిలేసినవి కంప్యూటర్‌లో తెరిచి 100 శాతం సైజులో చూడండి. ప్రతి ఫోటో వివరాల్లో షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో), అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకె), ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిందో), ఫోకల్ లెంగ్త్ కనిపిస్తాయి. ఉదాహరణకు సాయంత్రం గదిలో బొమ్మతో ఆడుకుంటున్న పాప ఫోటో ఒకటి తీసుకుందాం. 55 ఎంఎం, ఎఫ్/5.6, సెకనులో 30వ వంతు, ఐఎస్ఓ 3200. వెనక గోడ మీది క్యాలెండర్ అంకెలు స్పష్టంగా ఉన్నాయి, పాప చేయి మాత్రం చెదిరిపోయింది. అంటే మీ చేయి వణకలేదు, పాప కదిలింది. ఇది వెలుతురు సమస్య. గోడతో సహా ఫోటో అంతా ఒకే దిశలో సాగినట్టు ఉంటే కదిలింది కెమెరా. రెండూ లేకుండా, పాప ముఖం మసకగా ఉండి చెవి వెనక జుట్టు పదునుగా వస్తే అది ఫోకస్ తప్పడం. కొత్త లెన్స్ కొన్నంత మాత్రాన ఈ మూడోది తగ్గదు. పెద్ద అపర్చర్ ఉన్న లెన్స్‌తో అయితే పెరుగుతుంది కూడా.

నాలుగో రకం చెడిపోయినట్టు కనబడదు. ఫోటో స్పష్టంగానే ఉంటుంది, మీకు కావాల్సిన మనిషి మాత్రం మధ్యలో చిన్నగా ఉంటారు. లేదా గదిలో పదిమంది ఉంటే ఇద్దరు ఫ్రేమ్ బయట ఉండిపోతారు. వీటికి కారణం ఫోకల్ లెంగ్త్ సరిపోకపోవడం.

ఇళ్లలో ఎక్కువగా ఫోటోలు తీసేవాళ్లకు నేను చూసినంతలో మొదటి రకమే ఎక్కువగా ఉంటుంది. ఎందుకంటే, కిట్ లెన్స్ 18 ఎంఎం దగ్గర ఎఫ్/3.5 వరకు తెరుచుకుంటుంది, జూమ్ చేసేకొద్దీ ఆ అంకె పెరుగుతూ 55 దగ్గరికి వచ్చేసరికి ఎఫ్/5.6 అవుతుంది. ముఖం దగ్గరగా తీద్దామని జూమ్ చేసిన ప్రతిసారీ వెలుతురు తగ్గిపోతోందన్నమాట. ఎఫ్/1.8 లెన్స్ ఎఫ్/5.6 కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపిస్తుంది. పైన చెప్పిన పాప ఫోటోనే అదే ఐఎస్ఓతో సెకనులో 250వ వంతు కంటే వేగంగా తీయొచ్చు. కూర్చుని ఆడుకునే పిల్లల చేతులు ఆ వేగంలో నిలిచిపోతాయి. ఎఫ్/2.8 జూమ్ అయితే నాలుగు రెట్లు వెలుతురు ఇస్తుంది, అదే ఫోటో సెకనులో 120వ వంతు దగ్గర వస్తుంది. అది కూడా మంచి మార్పే. కానీ పిల్లలు లేచి పరుగెత్తితే మళ్లీ చాలదు.

లెన్స్‌లోనో కెమెరాలోనో స్టెబిలైజేషన్ ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. అది మీ చేతి వణుకును సరిచేస్తుంది, ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు. రాత్రిపూట భవనాలు, ఖాళీ వీధి, దీపాల వరుస తీసేవాళ్లకు స్టెబిలైజేషన్ అద్భుతంగా పనికొస్తుంది. పిల్లల్ని తీసేవాళ్లకు దానితో ఒరిగేది చాలా తక్కువ. ప్రైమ్ వద్దు, స్టెబిలైజేషన్ చాలు అని సలహా ఇచ్చేవాళ్లు ఈ తేడా చెప్పకుండా వదిలేస్తుంటారు.

ప్రైమ్ అని తేలితే ఏ ఫోకల్ లెంగ్త్ తీసుకోవాలన్నది అసలు కష్టమైన ప్రశ్న. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. తక్కువ ధరకు దొరుకుతుందని 50 ఎంఎం కొనేస్తారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద అది చక్కటి రోజువారీ లెన్స్. క్రాప్ సెన్సర్ మీద మాత్రం 75 ఎంఎంలా పనిచేస్తుంది, కెనాన్ కెమెరాల్లో అయితే 80. అంటే అక్కడ అది పోర్ట్రెయిట్ లెన్స్ అయిపోతుంది. లెక్క వేసి చూడండి. క్రాప్ సెన్సర్ కెమెరాను నిలువుగా పట్టుకుని, నిలబడ్డ పెద్దమనిషిని తల నుంచి పాదాల దాకా పట్టించాలంటే 50 ఎంఎంతో సుమారు నాలుగు మీటర్లు వెనక్కి జరగాలి. 35 ఎంఎంతో మూడు మీటర్లలోపే సరిపోతుంది. మామూలు గదిలో నాలుగు మీటర్లు వెనక్కి వెళ్లబోతే గోడ తగులుతుంది. క్రాప్ సెన్సర్ వాళ్లకు ఇంట్లో వాడుకోవడానికి 35 ఎంఎం ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 తీసుకోమంటాను. ఇరుకు గదులైతే 23, 24 ఎంఎం కూడా ఆలోచించండి. 50 ఎంఎం కొనాల్సింది ముఖాలు, భుజాల వరకు వచ్చే ఫోటోలే ఇష్టమైనవాళ్లు.

నా మాట మీద కొనక్కర్లేదు, మీ దగ్గరున్న కిట్ లెన్స్‌తోనే తేల్చుకోవచ్చు. జూమ్ రింగ్‌ను 35 దగ్గర పెట్టి, చిన్న టేపు ముక్క అంటించి, వారం రోజులు అలాగే వాడండి. తర్వాతి వారం 50 దగ్గర. ఏ వారమైనా మూడో రోజుకే అది మీకు సరిపడుతుందో, చిరాకు తెప్పిస్తుందో తెలిసిపోతుంది. వెలుతురు ఎంత తేడా వస్తుందో ఈ పరీక్షలో తెలియదు కానీ, ఫ్రేమ్ సంగతి పూర్తిగా తేలిపోతుంది.

ఇలాంటప్పుడు చాలామంది పాత ఫోటోలన్నిటి ఫోకల్ లెంగ్త్ లెక్క తీసి, ఏది ఎక్కువసార్లు వస్తే అది కొనమంటారు. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ లెక్క రెండు నిమిషాల్లో వస్తుంది. కానీ దాన్ని జాగ్రత్తగా చదవాలి. 18-55 వాడేవాళ్లలో ఎవరి లెక్క చూసినా 18 దగ్గర ఒక గుట్ట, 55 దగ్గర ఒక గుట్ట కనబడతాయి. రింగ్ తిప్పితే అది ఆగేది ఆ రెండు చోట్లే కాబట్టి అలా వస్తుంది. దాన్ని మీ ఇష్టంగా లెక్కలోకి తీసుకోకూడదు. 55 దగ్గర తీసిన ఫోటోలు తెరిచి, వాటిని తర్వాత ఎంత క్రాప్ చేశారో చూడండి. సగానికి పైగా కోసేసి ఉంటే మీరు ఇంకా దూరానికి అందే లెన్స్ కోసం వెతుకుతున్నారు, అప్పుడు 35 ఎంఎం ప్రైమ్ మీ సమస్యను తీర్చదు. క్రాప్ చేయకుండా ఉంచినవే ఎక్కువైతే 50 ఎంఎం మీకు బాగా నప్పుతుంది.

ప్రైమ్ వాడితే కాళ్లతో జూమ్ చేసుకోవాలి అంటారు. ఇది నాకు నచ్చని సలహా. నడిచి దగ్గరికెళ్లడం, నిలబడి జూమ్ చేయడం రెండూ ఒకే ఫోటో ఇవ్వవు. దగ్గరికెళితే ముక్కు, నుదురు పెద్దవై వెనకున్న కొండ చిన్నదవుతుంది. దూరం నుంచి జూమ్ చేస్తే ముఖం సహజంగా ఉండి, కొండ మనిషి వెనకాలే నిలబడ్డట్టు పెద్దగా కనిపిస్తుంది. ఈ తేడా తెచ్చేది మీరు నిలబడ్డ దూరమే, ఫోకల్ లెంగ్త్ పని ఎంత భాగం ఫ్రేమ్‌లోకి రావాలో నిర్ణయించడం వరకే. కాబట్టి ముందు ఎక్కడ నిలబడాలో నిర్ణయించుకుని, ఆ తర్వాత ఫ్రేమ్ చూసుకోవాలి. జూమ్ ఉంటే ఈ రెండూ విడివిడిగా చేసుకోవచ్చు. జూమ్ వల్ల బద్ధకం వస్తుందనే మాటను నేను ఒప్పుకోను. దాన్ని ఇలా ఆలోచించి వాడేవాళ్ల చేతిలో జూమ్ చాలా శక్తిమంతమైన పనిముట్టు.

అలాగని ప్రైమ్‌తో ఫ్రేమ్ పూర్తిగా బిగుసుకుపోతుందని భయపడకండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఫోటో 6000 x 4000 పిక్సెల్స్ ఉంటుంది. 35 ఎంఎంతో తీసి, 50 ఎంఎంతో తీసినట్టు కనబడేలా క్రాప్ చేస్తే 4200 x 2800, అంటే దాదాపు 12 మెగాపిక్సెల్స్ మిగులుతాయి. ఆల్బమ్‌లో ప్రింట్‌కు అది ధారాళంగా సరిపోతుంది. లోపలికి క్రాప్ చేసుకోవచ్చు గానీ బయట మిగిలిపోయినదాన్ని తర్వాత తేలేం. 35, 50 మధ్య ఊగిసలాడుతుంటే 35 వైపు మొగ్గమనడానికి ఇది ఇంకో కారణం.

ఇక బ్యాక్‌గ్రౌండ్ బ్లర్. చాలామంది ప్రైమ్ కొనేది దీనికోసమే. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబర్‌తో భాగిస్తే లెన్స్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో మిల్లీమీటర్లలో వస్తుంది. 55 ఎంఎం ఎఫ్/5.6 దగ్గర అది పదికి కాస్త తక్కువ, 35 ఎంఎం ఎఫ్/1.8 దగ్గర సుమారు 19, 50 ఎంఎం ఎఫ్/1.8 దగ్గర 28. ముఖాన్ని ఫ్రేమ్‌లో ఒకే సైజులో ఉంచినప్పుడు, దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఎంత కరిగిపోతుందో ఈ వెడల్పును బట్టి ఉంటుంది. ఇదే లెక్కను దూరంగా ఉన్నవాటిని దగ్గరగా తీసే 55-250 ఎంఎం టెలి జూమ్‌కు వేసి చూడండి. 250 ఎంఎం, ఎఫ్/5.6 దగ్గర దాదాపు 45 వస్తుంది. అంటే ఆరుబయట, మంచి వెలుతురులో, వెనక్కి జరిగే చోటు ఉంటే మామూలు టెలి జూమే 50 ఎంఎం ప్రైమ్ కంటే ఎక్కువ బ్లర్ ఇస్తుంది. బ్లర్ కోసమే ప్రైమ్ కొంటున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది.

ప్రైమ్ కొన్న మొదటి నెలలో అందరూ ఎఫ్/1.8 దగ్గరే తీస్తారు. క్రాప్ సెన్సర్ కెమెరా మీద 50 ఎంఎం లెన్స్‌తో మీటరు దూరంలో ఉన్న ముఖాన్ని అలా తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. దగ్గరి కన్ను స్పష్టంగా వచ్చి, ముఖం కాస్త పక్కకు తిరిగి ఉంటే రెండో కన్ను మసకబారుతుంది. అన్నాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చుంటే ఒకరే ఫోకస్‌లో ఉంటారు. ఒక్కరే ఉంటే ఎఫ్/2.2 చుట్టుపక్కల, ఇద్దరుంటే ఎఫ్/4 దగ్గర మొదలుపెట్టండి. ఎఫ్/1.8 అవసరం పడేది వెలుతురు నిజంగా లేనప్పుడు. కెమెరాలో కంటి మీద ఫోకస్ పెట్టే సౌకర్యం ఉంటే దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి.

షార్ప్‌నెస్ గురించి నేను పెద్దగా చెప్పను. 35 ఎంఎం స్టిల్ కెమెరాలకు మార్కెట్లోకి వచ్చిన మొదటి జూమ్ లెన్స్ 1959 నాటి ఫోక్ట్‌లెండర్ జూమార్, 36-82 ఎంఎం ఎఫ్/2.8. జూమ్ అంటే నాణ్యత తక్కువన్న అభిప్రాయం ఆ తరం లెన్సులను చూసి ఏర్పడింది, ఇవాళ్టి లెన్సులకు అది వర్తించదు. ఎఫ్/8 దగ్గర తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఏది ప్రైమో, ఏది జూమో మామూలు సైజులో చూసి ఎవరూ చెప్పలేరు. పైగా చవకైన ప్రైమ్‌లు పూర్తిగా తెరిచినప్పుడు అంచుల్లో మెత్తబడతాయి, ఎండలో కొమ్మల చుట్టూ ఊదారంగు గీత కూడా వస్తుంది.

కిట్ లెన్స్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. అది చేసి, ప్రైమ్ చేయలేని పని ఒకటి ఉంది. చాలా 18-55 లెన్సులు 25 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లి ఫోకస్ చేస్తాయి. 50 ఎంఎం ఎఫ్/1.8 ప్రైమ్‌లు సాధారణంగా 35 నుంచి 45 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. పువ్వు మధ్యలోని కేసరాలో, పసిబిడ్డ వేళ్లో ఫ్రేమ్ నిండా తీయాలంటే కిట్ లెన్స్ 55 దగ్గర ప్రైమ్ కంటే మెరుగు. అందుకే ప్రైమ్ కొన్నా దాన్ని అమ్మేయొద్దు. అమ్మినా పెద్దగా వచ్చేది ఏమీ ఉండదు.

జూమ్‌నే కొనమని గట్టిగా చెప్పాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ప్రయాణాల్లో, దుమ్ములో, వానలో లెన్స్ మార్చడం కుదరదు, సెన్సర్ మీద మరకలు పడతాయి. పెళ్లి, స్టేజీ కార్యక్రమం లాంటి చోట్ల మీరు నిలబడే చోటు మీ ఇష్టం కాదు, క్షణం తప్పితే మళ్లీ రాదు. బయట పరుగెత్తే పిల్లలు రెండు సెకన్లలో పది మీటర్ల నుంచి రెండు మీటర్లకు వచ్చేస్తారు. అక్కడ వెలుతురు సమస్య కాదు, ఫ్రేమే సమస్య. మీరు వదిలేసిన ఫోటోల్లో ఇవే ఎక్కువగా ఉంటే మొహమాటం లేకుండా జూమ్ కొనండి.

ఎఫ్/2.8 జూమ్ కొనేముందు బరువు చూడండి. ఫుల్ ఫ్రేమ్ 24-70 ఎఫ్/2.8 లెన్సుల్లో తేలికగా పేరున్న సోనీ రెండో తరం లెన్సే 695 గ్రాములు. కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం దాదాపు 160 గ్రాములే. క్రాప్ సెన్సర్ వాళ్లకు ఈ మధ్య మంచి దారులు వచ్చాయి. 2021లో వచ్చిన సిగ్మా 18-50 ఎంఎం ఎఫ్/2.8 దాదాపు 290 గ్రాములే, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకు పనికొస్తుంది. అదే సంస్థ 2013లో తెచ్చిన 18-35 ఎంఎం ఎఫ్/1.8 జూమ్ ప్రైమ్‌తో సమానంగా వెలుతురు ఇస్తుంది గానీ, 800 గ్రాములు దాటుతుంది. బరువును చిన్న విషయంగా తీసుకోకండి. సాయంత్రం నడకకు వెళ్లేటప్పుడు కెమెరా ఇంట్లోనే ఉండిపోతే, ఎంత గొప్ప లెన్సైనా ఆ రోజుకు లేనట్టే.

ఒక్క ఫోకల్ లెంగ్త్‌తోనే కొన్నాళ్లు తీస్తే చూపు మారుతుందని అంటారు, ఇది నిజమే. కెమెరా కంటికి ఆనించకముందే ఫ్రేమ్‌లో ఏది ఉంటుందో, ఏది ఉండదో తెలిసిపోతుంది. ప్రసిద్ధ ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ ఆంరీ కార్టియే-బ్రెసాన్ తన పనిలో ఎక్కువ భాగం 50 ఎంఎం లెన్స్‌తోనే చేశాడు. ఇంట్లో దీన్ని ఇలా గమనించవచ్చు. పిల్లాడు కిటికీ వైపు పరుగెత్తుతుంటే, వాడు ఆగేలోపే మీరు సరైన దూరంలో నిలబడి ఉంటారు. జూమ్ రింగ్‌ను ఒకచోట పెట్టి తీసినా ఈ అలవాటు వస్తుంది కాబట్టి, దీనికోసమని ప్రత్యేకంగా ప్రైమ్ కొననవసరం లేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ ఫోటోల్లో ఎక్కువ భాగం ఇంట్లోవి, సాయంత్రపువి. కాబట్టి నా ఓటు 35 ఎంఎం ఎఫ్/1.8కే, కిట్ లెన్స్‌ను ప్రయాణాలకు ఉంచుకుని. టేపు పరీక్షలో 35 మీకు ఇరుకుగా అనిపిస్తే 24 వైపు వెళ్లండి, కానీ పరీక్ష చేయకుండా కొనకండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటే ఇంకో నాలుగు మాటలు. మీ కెమెరా బాడీలో ఫోకస్ మోటార్ ఉందో లేదో చూసుకోండి. నికాన్ డీ3000, డీ5000 వరుసల డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లోపల అద్దం ఉన్న కెమెరాల్లో) అది ఉండదు, సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ చేయవు, చేత్తో తిప్పుకోవాలి. లెన్స్ వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనబడితే అది ఫంగస్, ఎంత చవకైనా వదిలేయండి. ఒకటి రెండు దుమ్ము కణాలు ఫోటోలో కనిపించవు, వాటికి భయపడొద్దు. చివరగా, ఇటుక గోడకు సూటిగా, సమాంతరంగా నిలబడి, పూర్తిగా తెరిచిన అపర్చర్‌తో ఒక ఫోటో తీసి నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే ఆ లెన్స్ తీరే అంత. మిగతా మూడూ బాగుండి ఒక్క మూల మాత్రం బాగా మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగిందని అనుమానించాలి. కొంచెం చోటు మార్చి ఇంకోసారి తీసి చూడండి, అప్పుడూ అదే మూల మసకగా వస్తే ఆ లెన్స్ తీసుకోవద్దు.